లాభం సరే, డబ్బు ఎక్కడుంది? చిన్న ఫ్యాక్టరీ షేరు కొనేముందు నేను చూసేవి

మొన్న మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, రెండేళ్ల కిందట స్టాక్ మార్కెట్లో లిస్టయిన కాస్టింగుల కంపెనీ ఒకటుంది. లాభం ఏటా పెరుగుతోంది, షేరు మాత్రం తగ్గింది. రెండు లాట్లు తీసుకోనా?" అని అడిగాడు. లాటంటే విడదీయకుండా ఒకేసారి కొనాల్సిన షేర్ల కట్ట. ముందు యాన్యువల్ రిపోర్టు పంపించు, ఆదివారం కూర్చుందాం అన్నాను.

నేను జీడిమెట్లలో ఒక ఫౌండ్రీలో 22 ఏళ్లు అకౌంట్స్ చూశాను. పంపులకు, వాల్వులకు కాస్టింగులు పోసే చోటు, అంటే లోహాన్ని కరిగించి అచ్చుల్లో పోసి భాగాలు తయారుచేస్తారు. బ్యాంకుకు నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ (సరుకు నిల్వ, బాకీల లెక్క) తయారు చేసింది, బాకీల కోసం కస్టమర్లకు ఫోన్లు చేసింది, ఆడిటర్ల ముందు ఫైళ్లు పెట్టింది నేనే. అందుకని చిన్న కంపెనీ లెక్కల్లో నా కళ్లు ముందు ఎక్కడికి పోతాయో అదే రాస్తున్నాను.

రిపోర్టును వెనక నుంచి తెరవండి. ఛైర్మన్ సందేశం, రంగుల ఫోటోలు తర్వాత చూసుకోవచ్చు. బ్యాలెన్స్ షీట్ తీసి రావాల్సిన బాకీలు ఎంతున్నాయో ఒక కాగితం మీద రాయండి. ట్రేడ్ రిసీవబుల్స్ అని ఉంటుంది. పక్కనే అమ్మకాలు రాయండి. మూడేళ్లవి కావాలి.

2019లో నేను ఈ పని చేయలేదు. అప్పుడు ఒక చిన్న ఇంజనీరింగ్ కంపెనీ షేర్లు 1,200 కొన్నాను, ఒక్కోటి 96 రూపాయలకు. అమ్మకాలు 48 కోట్ల నుంచి 61 కోట్లకు పెరిగాయి, లాభమూ పెరిగింది, అంతే చూశాను. అదే పేజీలో బాకీలు 11 కోట్ల నుంచి 24 కోట్లకు పెరిగాయి. అమ్మకం పెరిగింది 13 కోట్లు, బాకీ పెరిగింది కూడా 13 కోట్లే. అంటే పెరిగిన అమ్మకంలో చేతికొచ్చింది దాదాపు ఏమీ లేదు. తర్వాతి ఏడాది అందులో 9 కోట్లు రానిబాకీ కింద రాసేశారు. నేను 31 రూపాయలకు అమ్ముకుని బయటపడ్డాను. రోజూ ఇవే లెక్కలు రాసే మనిషిని, నా సొంత డబ్బు పెట్టేటప్పుడు చూడలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

బాకీని అమ్మకంతో భాగించి 365తో గుణిస్తే, డబ్బు రావడానికి ఎన్ని రోజులు పడుతోందో తెలుస్తుంది. పై లెక్కలో 84 రోజుల నుంచి 144 రోజులకు పోయింది. ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. బాకీల్లో జీఎస్టీ కలిసి ఉంటుంది, అమ్మకాల్లో ఉండదు. 18 శాతం పన్ను పడే సరుకైతే బాకీని 1.18తో భాగించాలి. అలా చేసినా 71 నుంచి 122 రోజులయింది. ఏ ఒక్క ఏడాది అంకె చూసో కంగారు పడక్కర్లేదు, ప్రభుత్వ సంస్థలకు సప్లై చేసేవాళ్లకు ఎప్పుడూ ఆలస్యమే. అది ఏటా ఎటు జరుగుతోందన్నదే చూడాలి.

ఇప్పుడు మనకు ఒక సౌకర్యం ఉంది. 2021-22 నుంచి బాకీల వయసు పట్టిక ఇవ్వడం తప్పనిసరి. ఆరు నెలల లోపువి, ఆరు నెలల నుంచి ఏడాది, ఒకటి నుంచి రెండేళ్లు, రెండు నుంచి మూడేళ్లు, ఆ పైన అని విడివిడిగా ఉంటాయి. ఏడాది దాటిన గడిలో పెద్ద మొత్తం ఉండి, దానికి ప్రావిజన్ (రాకపోవచ్చని లాభంలోంచి ముందే పక్కన పెట్టే మొత్తం) పెట్టకపోతే నేను అక్కడే ఆగిపోతాను. ఏడాదైనా కస్టమరు డబ్బివ్వలేదంటే చాలావరకు సరుకులో లోపమైనా ఉండాలి, రేటు గొడవైనా ఉండాలి. "ఇంకా జీఆర్ఎన్ పడలేదు మేడమ్" అనే మాట నేను ఫోన్లో వందలసార్లు విన్నాను. జీఆర్ఎన్ అంటే సరుకు అందినట్టు కస్టమరు రాసే రసీదు. సరుకు వాళ్ల గేటు దాటింది కానీ వాళ్లు దాన్ని ఒప్పుకోలేదు అని ఆ మాటకు అర్థం. మా పుస్తకంలో మాత్రం అది అమ్మకమే.

ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31 రాత్రి ఏ ఫ్యాక్టరీలోనైనా దీపాలు ఆరవు. రాత్రి పదకొండింటికి కూడా లారీలు లోడవుతుంటాయి, బిల్లులు కొడుతూనే ఉంటాం. నిజంగా ఆర్డరు ఉండి తొందరపడేవాళ్లే ఎక్కువ. కానీ ఏప్రిల్‌లో వెనక్కి వచ్చే సరుకును మార్చిలో బిల్లు కొట్టేవాళ్లూ ఉంటారు. ఎస్ఎంఈ ప్లాట్‌ఫామ్ (స్టాక్ ఎక్స్ఛేంజీల్లో చిన్న, మధ్యతరహా కంపెనీల విభాగం) కంపెనీలు ఫలితాలు ఆరు నెలలకోసారి ఇస్తాయి కదా, సెప్టెంబరుతో ముగిసే అర్ధభాగాన్ని మార్చితో ముగిసే అర్ధభాగంతో పోల్చండి. ఏటా రెండోదే బాగా ఎక్కువగా ఉంటే, ఆ వ్యాపారానికి నిజంగా అలాంటి సీజన్ ఉందా అని అడగాలి.

తర్వాత సరుకు నిల్వ. కాస్టింగుల గోడౌన్‌లో వెనక వరసలో తుప్పుపట్టిన గుట్ట ఒకటి ఉంటుంది. ఆర్డరు రద్దయినవి, సైజు మారినవి, రిజెక్టయినవి. కరిగిస్తే స్క్రాపు రేటే వస్తుంది. పుస్తకంలో మాత్రం చాలాసార్లు తయారీ ఖర్చు లెక్కనే నిలబడి ఉంటుంది. ఆ గుట్టను మీరు చూడలేరు, కానీ ఆడిటర్ నివేదిక చివర అనుబంధం ఉంటుంది, అది చదవండి. బ్యాంకు దగ్గర 5 కోట్లు మించి వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారానికి వాడే అప్పు) పరిమితి ఉన్న కంపెనీ అయితే, మూడు నెలలకోసారి బ్యాంకుకిచ్చిన స్టేట్‌మెంట్లు పుస్తకాలతో సరిపోయాయో లేదో ఆడిటర్ అక్కడ రాయాలి. తేడా ఉంటే కారణంతో సహా పట్టిక వేస్తారు. కొద్దిపాటి తేడాలు మామూలే, నేనూ హడావుడిలో అంచనా అంకెలు పంపిన నెలలున్నాయి. ప్రతిసారీ బ్యాంకుకు ఎక్కువ చూపించి, పుస్తకంలో తక్కువ ఉంటే మాత్రం అది హడావుడి కాదు.

క్యాష్ ఫ్లో పట్టికలో చూసేది ఒకే వరస: వ్యాపారం నుంచి వచ్చిన నగదు. అయిదేళ్ల లాభాలు కూడండి, అయిదేళ్ల నగదు కూడండి. లాభం 20 కోట్లు, నగదు 3 కోట్లు అయితే మిగతా 17 ఎక్కడ నిలిచాయో కంపెనీ చెప్పగలగాలి. బ్యాంకులో డబ్బుందని చూపిస్తే, దాని మీద వచ్చిన వడ్డీని ఇతర ఆదాయం నోట్‌లో వెతకండి. మన హైదరాబాదులోనే 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ తప్పు ఒప్పుకున్న లేఖ బయటికొచ్చినప్పుడు, పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేవని తెలిసింది. అంత పెద్ద కంపెనీలోనే జరిగింది. 10 కోట్లు ఏడాదంతా డిపాజిట్లో ఉందంటే అరకోటి పైనే వడ్డీ కనిపించాలి.

కొత్తగా ఐపీఓకు (తొలిసారి జనానికి షేర్లు అమ్మడానికి) వచ్చే కంపెనీ అయితే దాని వివరాల పుస్తకం, ప్రాస్పెక్టస్‌లో రెండు చోట్ల ఆగండి. ఒకటి, ప్లాంటు సామర్థ్యంలో ఎంత వాడుతున్నారు. 55 శాతమే వాడుతూ కొత్త ఫర్నేసుకు డబ్బు అడుగుతుంటే ఎందుకని అడగాలి. రెండు, కొనబోయే యంత్రాల కొటేషన్లు. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అని ఉంటుంది. ఆ సప్లయరు పేరు వెతకండి, ఏళ్లుగా యంత్రాలమ్మే సంస్థా, నిన్న పుట్టిందా? 2024 డిసెంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఒక ఎస్ఎంఈ ఐపీఓ డబ్బు మదుపరులకు వెనక్కి ఇప్పించింది ఇలాంటి విషయంలోనే. వచ్చిన డబ్బుతో కొంటామన్న సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థే అనుమానాస్పదమని తేలింది. 2025లో నిబంధనలు మార్చాక ఎస్ఎంఈ ఐపీఓకు కనీసం 2 లక్షలు దాటి దరఖాస్తు చేయాలి. లిస్టయ్యాక కూడా లాట్లలోనే అమ్మాలి. అవసరానికి పది షేర్లు అమ్ముకుందాం అంటే కుదరదు. పిల్లల ఫీజు డబ్బు ఇందులో దయచేసి పెట్టకండి.

బయటి నుంచి సరిచూసుకునే దారులున్నాయి, ఖర్చు లేదు. అప్పు తీర్చే సత్తాకు గ్రేడు ఇచ్చే రేటింగ్ సంస్థల వెబ్‌సైట్లలో కంపెనీ పేరు కొడితే రేటింగ్ కారణాలు రాసిన నోట్ దొరుకుతుంది. బ్యాంకు పరిమితి ఎంత శాతం వాడేస్తున్నారు, ఎవరి మీద ఎక్కువ ఆధారపడ్డారు లాంటివి రెండు మూడు పేజీల్లో ఉంటాయి. కంపెనీ సమాచారం ఇవ్వడం లేదని, అంటే 'ఇష్యూయర్ నాట్ కోఆపరేటింగ్' అని రాసి ఉంటే ఇక చదవక్కర్లేదు. పీఎఫ్ సంస్థ వెబ్‌సైట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ ఉంది, నెలనెలా ఎంతమందికి పీఎఫ్ కట్టారో కనిపిస్తుంది. రిపోర్టులో 200 మంది అని, పీఎఫ్ 60 మందికే అయితే వెంటనే తప్పు పట్టకండి. ఫెట్లింగ్ (కాస్టింగు అంచులు గీకి శుభ్రం చేయడం), మోల్డింగ్ (అచ్చులు వేయడం) పనివాళ్లు తరచుగా కాంట్రాక్టర్ పీఎఫ్ కోడ్ కింద ఉంటారు. కానీ అమ్మకాలు పెరుగుతుంటే ఆ 60 ఏటా తగ్గుతూ వస్తోందా అన్నది పనికొచ్చే ప్రశ్న.

ప్రమోటర్ల (కంపెనీని నడిపే యజమానుల) సొంత సంస్థలతో లావాదేవీల నోట్ కూడా చదవాలి. మా ఊళ్లో చిన్న యజమానులకు భార్య పేరున ట్రేడింగ్ సంస్థ ఒకటి ఉండటం మామూలే. స్క్రాపు దాని నుంచి కొనడం, సరుకు దానికే అమ్మడం రెండూ జరుగుతుంటే నేను వదిలేస్తాను.

పీఈ (షేరు ధరను ఒక్కో షేరు లాభంతో భాగించేది) లాంటి లెక్కలు నాకు చివరివి. పైవన్నీ దాటితేనే ధర గురించి ఆలోచిస్తాను.

వీలైతే గేటు దగ్గరకు వెళ్లండి. లోపలికి రానివ్వకపోయినా షిఫ్ట్ మారే వేళ ఎదురుగా టీ బండి దగ్గర అరగంట నిల్చోండి. రెండు షిఫ్టులు నడుస్తున్నాయా, జీతాలు సమయానికి పడుతున్నాయా అన్నది టీ తాగుతూ వాళ్లే మాట్లాడుకుంటారు. మా ఫౌండ్రీలో ఆర్డర్లు తగ్గిన ఏడాది, ఆ సంగతి మా కంటే ముందు టీ అమ్మే ఆయనకు తెలిసింది. రాత్రి షిఫ్ట్‌కు ఫ్లాస్కులు పంపడం ఆగిపోయింది కదా.

ఆదివారం తమ్ముడు, నేను మూడు గంటలు కూర్చున్నాం. బాకీలు 70 రోజుల దగ్గరే నిలకడగా ఉన్నాయి, ఏడాది దాటినవి దాదాపు లేవు. బ్యాంకుకిచ్చిన స్టేట్‌మెంట్లకు, పుస్తకాలకు తేడా లేదు. నిల్వ మాత్రం ఒక్క ఏడాదిలో రెట్టింపయింది, ఎందుకో రిపోర్టులో రాయలేదు. కంపెనీ సెక్రటరీకి మెయిల్ పెట్టాం: పెరిగిన నిల్వలో తయారైన సరుకెంత, ఆర్డర్లున్నది ఎంత అని. జవాబు వచ్చేదాకా, లేదా సెప్టెంబరు అర్ధభాగం ఫలితాలు వచ్చేదాకా, వాడి డబ్బు బ్యాంకులోనే ఉంటుంది.