పెల్లెట్ స్టవ్ పొగ పెడుతోందా? ముందు గాలి దారి చూడండి

పెల్లెట్ స్టవ్ అంటే రంపపు పొట్టు, ఊక లాంటివి నొక్కి చేసిన చిన్న గుళికలతో (పెల్లెట్లతో) మండే పొయ్యి. కొన్న కొత్తలో పొగ లేని మంట చూసి అందరూ మురిసిపోతారు. ఆర్నెల్లు తిరిగేసరికి అదే స్టవ్‌ని "దీనికన్నా కట్టెల పొయ్యే నయం" అని తిట్టుకుంటూ రేకుల షెడ్డులో ఓ మూలకు నెట్టేస్తారు. చాలావరకు ఆ స్టవ్ పాడై ఉండదు, గాలి పోయే దారి మూసుకుపోయి ఉంటుంది, అంతే. బయటి డబ్బా తళతళలాడేలా తోమి జాలి కింద బూడిదను అలాగే వదిలేస్తే ఎంత మంచి కంపెనీదైనా పొగే పెడుతుంది.

నేను చెప్పేది వంటకు వాడే చిన్న ఫ్యాన్ స్టవ్ గురించి. చలి దేశాల్లో పెల్లెట్ స్టవ్ అంటే గది వెచ్చగా ఉంచే హీటరు, అందులో పెల్లెట్లు వాటంతటవే పడుతుంటాయి, పొగ గొట్టం గోడలోంచి బయటికి పోతుంది. మన దగ్గర అది వాకిట్లోనో ఇంటి వెనకో ఉండే పొయ్యి. పొద్దున నీళ్లు కాగడానికి, చుట్టాలొస్తే పెద్ద గిన్నెలో బగారా అన్నం దింపడానికి, సంక్రాంతికి సకినాలు కాల్చడానికి వాడతాం. దీనికి గొట్టం ఉండదు కాబట్టి తలుపులు మూసిన గదిలో ఎప్పుడూ వెలిగించొద్దు. మంట ఆరిపోయి బొగ్గులు మాత్రమే ఎర్రగా ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విష వాయువు వస్తుంది, దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. చలికాలం రాత్రి వెచ్చగా ఉంటుందని ఆ బొగ్గుల పొయ్యిని పడకగదిలో పెట్టుకుంటే ప్రాణాల మీదకొస్తుంది.

లోపల గాలి ఎలా తిరుగుతుంది

ఇది తెలిస్తే సగం పని అయిపోయినట్టే. పెల్లెట్లు పోసే గిన్నె అడుగున ఇనుప జాలి ఉంటుంది. కింద ఉన్న చిన్న ఫ్యాన్ గాలిని రెండు దారుల్లో పంపిస్తుంది. ఒకటి జాలి కింద నుంచి పైకి వెళ్లి పెల్లెట్లను కొంతవరకే మండించి, ఆ వేడికి గ్యాస్ పుట్టిస్తుంది. రెండోది గిన్నె పై అంచు చుట్టూ ఉన్న చిన్న చిన్న బొక్కల్లోంచి వచ్చి ఆ గ్యాస్‌ని మండిస్తుంది. పై గాలి తగ్గితే గ్యాస్ మండకుండానే తెల్లటి పొగగానో మసిగానో బయటికొస్తుంది. కింది గాలి తగ్గితే మంట నీరసంగా ఉంటుంది, చివరికి పెల్లెట్లు సగం బొగ్గుగానే మిగిలిపోతాయి.

ఫ్యాన్ ఎంత పని చేస్తుందంటే, ఇలాంటి పొయ్యిలకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 13152 ఫ్యాన్ లేని పొయ్యికి కనీసం 25 శాతం సామర్థ్యం (అంటే మండిన వేడిలో వంట గిన్నెకు చేరే వాటా) చాలంటుంది, ఫ్యాన్ ఉన్నదానికి 35 శాతం ఉండాలంటుంది. ఆ తేడా అంతా గాలి పుణ్యమే. దారులు మూసుకుపోయాక మీరు డబ్బు పెట్టి కొన్నది మామూలు పొయ్యే అవుతుంది.

పని మొదలుపెట్టే ముందు

స్టవ్ పూర్తిగా చల్లారాలి. పైన తెల్లగా కనిపించే బూడిద కింద నిప్పు కణికలు గంటల తరబడి బతికే ఉంటాయి, అందుకే రాత్రి వండితే పొద్దున శుభ్రం చేసుకోవడం మేలు. తొందర ఉందని వేడి జాలి మీద నీళ్లు చల్లొద్దు, ఆవిరి ముఖానికి కొడుతుంది, జాలి కూడా వంగిపోతుంది లేదా పగులుతుంది. ప్లగ్ తీసేయండి. బూడిద ఎత్తడానికి మూత ఉన్న ఇనుప డబ్బా పెట్టుకోండి. ప్లాస్టిక్ బకెట్లోనో, మున్సిపాలిటీ వాళ్ల చెత్త డబ్బాలోనో నేరుగా పోస్తే నిప్పంటుకుంటుంది.

సామాన్లకు పెద్ద ఖర్చేం లేదు. పాత పెయింట్ బ్రష్, పాత టూత్ బ్రష్, ఒక దబ్బనం లేదా సైకిల్ పుల్ల, స్క్రూ డ్రైవర్, పొడి గుడ్డ ఉంటే చాలు. ముక్కుకు కర్చీఫ్ కట్టుకోండి.

రోజూ చేయాల్సింది

జాలి బయటికి తీసి బూడిద దులపండి, జాలి కింద బూడిద పడే అరను పూర్తిగా ఖాళీ చేయండి, గిన్నె లోపలి గోడలు బ్రష్‌తో గీకండి, జాలిని మళ్లీ సమంగా కూర్చోబెట్టండి. ఐదు నిమిషాల పని. చాలామంది జాలి మీది బూడిద తీస్తారు కానీ కింద పేరుకున్నది మరిచిపోతారు, ఫ్యాన్ గాలి వచ్చేది అక్కడి నుంచే. జాలి ఒక పక్క పైకి లేచి ఉంటే ఆ సందులోంచి పెల్లెట్లు కిందికి జారి అక్కడే కాలుతాయి, అప్పుడు ఫ్యాన్‌కే సెగ తగులుతుంది. అందుకని పెట్టాక వేలితో నాలుగు పక్కలా నొక్కి చూడండి, ఆడకూడదు.

జాలికి పట్టిన చిట్టెం

కొన్నిసార్లు బూడిద పొడిగా రాలదు. జాలి మీద గాజు ముక్కలా, నల్లగానో బూడిద రంగులోనో గట్టిగా అతుక్కుని ఉంటుంది. అది చిట్టెం. వరిగడ్డి లాంటి వాటిలో సిలికా, పొటాషియం రెండూ ఎక్కువ. ఆ రెండూ కలిస్తే బూడిద తక్కువ వేడికే కరిగి, చల్లారాక గడ్డకడుతుంది. సరిగ్గా కడగకుండా మట్టితో పాటు ఆడించిన వేరుశనగ పొట్టు పెల్లెట్లు కూడా ఇదే పని చేస్తాయి. మంచి రంపపు పొట్టు పెల్లెట్లలో బూడిద చాలా తక్కువ, చిట్టెం కూడా అరుదు. వరి ఊకతో చేసినవైతే బరువులో దాదాపు ఐదో వంతు బూడిదే మిగులుతుంది, బస్తా చవకగా దొరికిందని సంబరపడితే బూడిద అర ఊరికే నిండిపోవడం, మధ్యలో ఆపి దులపడం తప్పదు.

చిట్టెం తీయడానికి సుత్తి పట్టుకోకండి, పోత ఇనుప జాలి అయితే ముక్కలవుతుంది. జాలిని తిరగేసి నేల మీద గోనె సంచి పరిచి దాని మీద మెల్లగా తట్టండి, పెద్ద ముక్క చాలాసార్లు అలాగే ఊడి వస్తుంది. మిగిలినదాన్ని పాత స్క్రూ డ్రైవర్ అంచుతో పక్క నుంచి లేపాలి, పై నుంచి పొడవకూడదు. తర్వాత జాలిని వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ప్రతి సందులోంచి వెలుగు కనపడాలి, కనపడని చోట దబ్బనం పెట్టి తోయండి. మధ్యలో జాలి కుంగిపోయినా, ఊచలు పలచబడినా కొత్తది వేయించుకోండి, జాలి ఎప్పటికైనా అరిగిపోయే వస్తువే. కంపెనీది దొరక్కపోతే వెల్డింగ్ షాపులో చేయిస్తారు, కానీ సందులు పాతదాని లెక్కనే ఉండాలని గట్టిగా చెప్పండి. ఊచలు మందంగా పెట్టి సందులు తగ్గిస్తే కొత్త జాలితోనూ అదే పొగ.

ప్రతిసారీ గుప్పెడు చిట్టెం వస్తుంటే మాత్రం తప్పు పెల్లెట్లది. ఆ బస్తా అయిపోగానే వేరే రకం తెచ్చుకోండి.

పై అంచు బొక్కలు

నా దృష్టిలో అందరూ వదిలేసే చోటు ఇదే. అన్నం పొంగి గంజి కారుతుంది, పప్పు పొంగుతుంది, అది ఆ బొక్కల్లోకి దిగి మాడి నల్లటి బిరడాలా బిగుసుకుంటుంది. దాని మీద మసి పడుతుంది. ఒక పక్క నాలుగైదు బొక్కలు మూసుకుపోతే మంట ఒక పక్కకు ఒరుగుతుంది, వంట గిన్నె అడుగున ఒక వైపే మసి పడుతుంది. మంట నిటారుగా లేకుండా ఒరుగుతోందంటే బొక్కలు చూడాల్సిందే.

వారానికోసారి దబ్బనంతో ఒక్కో బొక్క తెరవండి. గుండ్రంగా తిప్పుతూ తోయాలి, మేకు కొట్టి పెద్దది చేయకూడదు, బొక్క పెద్దదైతే గాలి వేగం తగ్గి మంట చెదురుతుంది. అయిపోయాక స్టవ్ ఖాళీగా ఉండగానే ఫ్యాన్ వేసి, వెలిగించిన అగరబత్తి తెచ్చి ముందు ఫ్యాన్ గాలి పీల్చే చోట పట్టుకోండి, పొగ లోపలికి లాక్కుపోవాలి. తర్వాత పై అంచు చుట్టూ మెల్లగా తిప్పండి, ప్రతి బొక్క దగ్గరా పొగ గిన్నె మధ్యకు నెట్టుకుపోవాలి. పొగ కదలకుండా నిటారుగా లేచిన చోట ఇంకా పని మిగిలి ఉన్నట్టే. మీటర్లు, మెకానిక్కులు ఏం అక్కర్లేదు దీనికి.

ఫ్యాన్

నెలకోసారి, ఎండాకాలం దుమ్ము ఎక్కువగా ఉన్నప్పుడు ఇంకా తొందరగా, ఫ్యాన్ కవర్ స్క్రూలు విప్పండి. రెక్కల మీద దుమ్ము, మసి, ఇంటి ముందు ఊడ్చినప్పుడు లేచిన వెంట్రుకలు అన్నీ చుట్టుకుని ఉంటాయి. టూత్ బ్రష్‌తో పొడిగా దులపండి, నీళ్లు వద్దు. గాలి పంపుతో ఊదేటట్టయితే రెక్కలను వేలితో పట్టుకోండి, ఊపుగా తిరిగితే లోపలి బేరింగ్ అరుగుతుంది. కిర్రుమంటుంటే కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క ఇరుసు దగ్గర వేస్తే చాలు. కొబ్బరి నూనె అస్సలు వద్దు, చలికి గడ్డకడుతుంది, దుమ్ముతో కలిసి జిగురవుతుంది.

అడాప్టర్ పోతే ఇంట్లో ఉన్న ఏదో ఒకటి గుచ్చేయకండి. స్టవ్ కింద స్టిక్కర్ మీద ఎన్ని వోల్టులని ఉందో చూసి అంతదే కొనాలి, 5 వోల్టుల ఫ్యాన్‌కి 12 వోల్టులు ఇస్తే కాసేపు హోరుమని తిరిగి కాలిపోతుంది. ఇంకో మాట, వంట కాగానే స్విచ్ ఆపే అలవాటు ఉంటే మానుకోండి. బొగ్గులు ఆరేదాకా ఫ్యాన్ తక్కువ స్పీడులో తిరుగుతూ ఉండాలి, లేదంటే కింద గాలి ఆడక పొయ్యి సెగ ప్లాస్టిక్ రెక్కల మీదకే దిగుతుంది. వంట మధ్యలో కరెంటు పోతే బ్యాటరీ ఉన్న మోడల్ కాకపోతే గిన్నె దించేసి కాస్త దూరం జరగండి, పొగ బాగా వస్తుంది.

పెల్లెట్లు, వానాకాలం

జూన్ నుంచి సెప్టెంబరు దాకా స్టవ్ మొరాయిస్తే ముందు బస్తాను అనుమానించండి. మంచి పెల్లెట్ విరిస్తే టక్కున విరుగుతుంది, గ్లాసు నీళ్లలో వేస్తే మునుగుతుంది. తేమ పట్టినది వేళ్ల మధ్యే పొట్టుగా రాలుతుంది, అది వెలగదు, పొగే ఇస్తుంది. ఎండలో పెడితే కొద్దిగా మెత్తబడినవి బాగుపడతాయి కానీ ఉబ్బిపోయినవి మళ్లీ గట్టిపడవు. బస్తాను గచ్చు మీద, గోడకు ఆనించి పెట్టకుండా రెండు ఇటుకల మీద చెక్క వేసి దాని మీద ఉంచండి, విప్పిన బస్తా మూతి తాడుతో బిగించండి.

బస్తా అడుగు పొడిని జల్లెడ పట్టి తీసేయాలి. అది జాలి సందులను పూడ్చేస్తుంది. పొడి వృథా అవుతుందని మండుతున్న పొయ్యిలో చల్లితే భగ్గున లేచి కనుబొమ్మలు కాలుస్తుంది. సకినాల రోజు గంటల కొద్దీ మంట కావాలి కాబట్టి మధ్యమధ్యలో పెల్లెట్లు వేయాల్సి వస్తుంది, అప్పుడు గుప్పెడు గుప్పెడుగా వేయండి, ఒకేసారి నింపితే మంట ఊపిరాడక పొగ కమ్మేస్తుంది. పైగా నూనె మూకుడు కింద ఉన్న స్టవ్‌ను ఎవరూ జరపొద్దు, నూనె దించాకే బూడిద సంగతి.

వంట గిన్నె అడుగుకు పొయ్యి ఎక్కించే ముందు తడి బూడిద పల్చగా పూస్తే మసి తేలిగ్గా వదులుతుంది, మన పెద్దవాళ్లకు ఇది కొత్తేం కాదు. మిగిలిన బూడిదను బాగా చల్లారాక చెట్ల మొదట్లో కొంచెం కొంచెంగా చల్లుకోవచ్చు, ఒకే మొక్కకు రోజూ పోస్తే మట్టి క్షారమై మొక్క పసుపు పచ్చబడుతుంది. ప్లైవుడ్ పొట్టుతో చేసిన పెల్లెట్లని అనుమానం ఉంటే ఆ బూడిద మొక్కలకూ వద్దు, బోళ్లు తోమడానికీ వద్దు.

కొన్నాళ్లు పక్కన పెట్టేటప్పుడు

బూడిద చుక్క లేకుండా దులపండి. బూడిద గాలిలో తేమ పీల్చుకుని ఇనుమును తినేస్తుంది, వానాకాలం అయ్యాక చూస్తే జాలి తుప్పు పొరలుగా రాలుతుంది. ఫ్యాన్ విప్పడానికి వీలుంటే విప్పి కవర్లో చుట్టి ఇంట్లో పెట్టుకోండి, వైరును ఎలుకలు కొరుకుతాయి. గాలి వెళ్లే దారి మూతికి ఒక గుడ్డ కుక్కండి, అది తీయడం మర్చిపోకుండా కొస బయటికి వేలాడనివ్వండి. గుడ్డ లేకపోతే కందిరీగలు అందులో మట్టి గూళ్లు కట్టేస్తాయి. మళ్లీ బయటికి తీసిన రోజు పెల్లెట్లు పోయకముందే ఫ్యాన్ ఒక్కటే వేసి అగరబత్తి పట్టి చూడండి. గాలి ఆగినట్టనిపిస్తే ముందు వెతకాల్సింది ఆ మట్టి గూడు కోసమే, సైకిల్ పుల్లతో పొడిస్తే పొడిపొడిగా రాలిపోతుంది.