జిమ్నీకి తక్కువ ఖర్చులో లిఫ్ట్: ముందు బండి కిందకి దూరి చూడండి

మారుతి సుజుకి జిమ్నీ 4x4 కొన్న కొద్దిరోజులకే చాలామందికి వచ్చే ఆలోచన లిఫ్ట్, అంటే పొడవు స్ప్రింగులతో బండిని ఎత్తడం. వేయించుకోండి, తప్పులేదు. కాకపోతే ముందు ఒకసారి బండి కిందకి దూరి ఎక్కడెక్కడ గీతలు పడ్డాయో చూడండి, మీ డబ్బు స్ప్రింగులకి పోవాలా టైర్లకి పోవాలా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఈ బండికి ముందూ వెనకా రిజిడ్ యాక్సిలే, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు. స్ప్రింగు ఎంత పొడవుది వేసినా లేచేది ఛాసిస్, దాని మీదున్న బాడీ. యాక్సిల్, దానికున్న డిఫరెన్షియల్ హౌసింగ్ (గేర్లుండే ఉబ్బెత్తు డబ్బా) మాత్రం ఉన్న ఎత్తులోనే ఉంటాయి. అంటే రేగడి నేలల్లో ట్రాక్టర్లు తిరిగి లోతుగా గాడిపడిన దారిలో మధ్య దిబ్బకి మీ డిఫరెన్షియల్ రాసుకుంటుంటే, లిఫ్ట్ మీద పెట్టిన ప్రతి రూపాయీ దండగే. అక్కడ పనికొచ్చేది పెద్ద టైరు ఒక్కటే. అదే బంపరో, తలుపుల కింది అంచో, ఛాసిస్ మధ్యభాగమో రాళ్లకి తగులుతుంటే లిఫ్ట్ పనిచేస్తుంది.

టైర్ల లెక్క: కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 వ్యాసం సుమారు 693 మి.మీ. 215/75 వేస్తే డిఫరెన్షియల్ కింద పెరిగేది 5 మి.మీ. మాత్రమే, కానీ ఏటీ (ఆల్ టెరైన్, అన్ని రకాల నేలలకీ పనికొచ్చే) టైరు పట్టు తేడా తెలుస్తుంది, దీనికి లిఫ్ట్ అక్కర్లేదు కూడా. 235/75 వేస్తే 20 మి.మీ. పెరుగుతుంది, కానీ దానికి చోటు కావాలంటే లిఫ్ట్ వేసి బంపర్ మూలలు కొంచెం కోయాల్సి రావచ్చు, పైగా స్పీడోమీటర్ మునుపటికన్నా దాదాపు 6 శాతం తక్కువ చూపిస్తుంది, 1.5 లీటర్ల ఇంజన్ ఘాట్ రోడ్డులో మూలుగుతుంది.

ఇక లిఫ్ట్ సంగతి. అన్నిటికన్నా చవక స్పేసర్లు, అంటే స్ప్రింగు కింద పెట్టే దిమ్మలు. నేనైతే వద్దనే అంటాను: షాక్ అబ్జార్బర్ పాతదే కాబట్టి చక్రం కిందికి సాగే దూరం ఆ దిమ్మ మందమంత తగ్గిపోతుంది, గుంటలో చక్రం తొందరగా గాల్లోకి లేస్తుంది. ఎత్తు కనబడుతుంది, పట్టు పోతుంది. 40 నుంచి 50 మి.మీ. లిఫ్ట్ ఇచ్చే స్ప్రింగులు, వాటికి తగ్గ పొడవున్న షాక్‌లు కలిపి కొనండి. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్ లాంటి కంపెనీలవాళ్లు బండి మోసే బరువుని బట్టి వేర్వేరు స్ప్రింగులు అమ్ముతారు. ఇనుప బంపర్, వించ్, రూఫ్ ర్యాక్ ఏవీ లేని బండికి గట్టి స్ప్రింగులు వేస్తే వెనక కూర్చున్నవాళ్ల నడుములు విరుగుతాయి. డబ్బు ఆదా చేయాలనుకుంటే స్ప్రింగులు సెకండ్‌హ్యాండ్‌వి తీసుకోవచ్చు, వంకర, పగుళ్లు, తుప్పు లేకపోతే చాలు. షాక్‌లు మాత్రం వద్దు, లోపల ఎంత అరిగాయో చేత్తో నొక్కి చెప్పలేం.

షాపులో చెప్పే కిట్ ధరతో ఖర్చు ఆగదు. లిఫ్ట్ వేస్తే ముందు చక్రాల యాక్సిల్ కొంచెం మెలితిరిగి క్యాస్టర్ కోణం (స్టీరింగ్‌ని తిన్నగా నిలిపే వాలు) తగ్గుతుంది, హైవే మీద స్టీరింగ్ నిలకడగా ఉండదు, అందుకే క్యాస్టర్ సరిచేసే బుష్‌లు (కీళ్ల దగ్గరుండే రబ్బరు తొడుగులు) కూడా బేరంలో కలపండి. లిఫ్ట్ వల్ల యాక్సిల్ కొంచెం పక్కకి జరుగుతుంది కాబట్టి పొడవు మార్చుకోగల పాన్‌హార్డ్ రాడ్లు (యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టే కడ్డీలు) ఉంటే మంచిది. డబ్బు సరిపోకపోతే 50కి బదులు 40తో ఆగండి, ఈ తలనొప్పులన్నీ ఆ మేరకు తగ్గుతాయి.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మార్పులకి అడ్డుపడుతుంది. అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా ఉంది, ఆరు నెలల వరకు జైలు కూడా రాసి ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా వేయిస్తే క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టొచ్చు.

ఫిట్టింగ్ రోజు దగ్గరే నిలబడి ఒకటి గమనించండి: బుష్‌ల బోల్టులు చివరిసారి బిగించేటప్పుడు బండి బరువు చక్రాల మీద ఉండాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే ఆ రబ్బర్లు మెలిపడి తొందరగా చిరిగిపోతాయి. తర్వాత బ్రేక్ పైపులు లాగినట్టు ఉన్నాయేమో స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి, అలైన్‌మెంట్ చేయించండి, హెడ్‌లైట్ల వెలుగు కిందికి పడేలా సరిచేయించండి. 500 కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ ఒకసారి బిగింపించండి.