మాట్లాడే ఫోన్ – 3వ పాఠం: చెవి కోసం రాసే మెసేజ్

పోయిన పాఠంలో ఫోన్‌కి తెలుగు గొంతు పెట్టుకున్నాం. ఆ వాయిస్ డేటా ఇంకా దించుకోనివాళ్లు ముందు ఆ పని చేసి రండి. ఇవాళ్టి పాఠం కంటితో చదివితే రాదు, వినాలి.

మా పెద్దమ్మకి చూపు తగ్గాక ఆవిడ ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టాను, తెర మీద ఉన్నది చదివి వినిపించేది అది. మర్నాడు "పెద్దమ్మా, రేపు వస్తా" అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి పంపాను. ఫోన్ దాన్ని దొరల యాసలో ఏదో చదివింది. "ఎవరో బ్యాంకు వాళ్లట, నాకేం అర్థం కాలేదురా" అంది పెద్దమ్మ. తప్పు ఫోన్‌ది కాదు, నాది. ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తే ఇంగ్లిష్ పద్ధతిలోనే పలుకుతుంది. కాబట్టి తెలుగు మాట తెలుగు లిపిలోనే రాయండి. టైపింగ్ కష్టమైతే జీబోర్డ్ (గూగుల్ కీబోర్డ్)లో మైకు నొక్కి చెప్పండి, అదే రాసుకుంటుంది.

ఇక అంకెలు. అసలు తంటా ఇక్కడే. పది అంకెల ఫోన్ నంబరు కలిపి రాస్తే కొన్ని గొంతులు దాన్ని వందల కోట్లలో చదువుతాయి, వినేవాళ్లు ఏం రాసుకుంటారు? ఒక్కో అంకె మధ్య ఖాళీ వదలండి. "సా. 5.30 గం.కు" అన్నది కంటికి బాగానే ఉంటుంది, చెవికి మాత్రం ముక్కలు ముక్కలు. "సాయంత్రం ఐదున్నరకి" అనండి, గొడవ వదిలిపోతుంది. వాక్యం చివర చుక్క పెట్టడం మరవకండి. చుక్క దగ్గరే ఫోన్ ఊపిరి తీసుకుంటుంది. దండం బొమ్మలు వరసగా ఐదు పెడితే మా పెద్దమ్మ ఫోన్ ఐదుసార్లూ పేరు పెట్టి చదివింది. ఒక్కటి చాలు.

ఒకటి మాత్రం మన చేతిలో లేదు. "చాప"లో చ వేరు, "చిలక"లో చ వేరు. "జడ", "జింక" కూడా అంతే. రాతలో మాత్రం రెండిటికీ ఒకటే అక్షరం. నా ఫోన్ చాపని చిలకలాగే పలుకుతుంది. అలవాటు పడటమే.

మామూలు ఎస్సెమ్మెస్ పంపేవాళ్లకి ఇంకో లెక్క ఉంది. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది ఇంగ్లిష్‌లో అయితే 160 అక్షరాలు, తెలుగులో 70. ఆ 70లో గుణింతం గుర్తులూ వత్తులూ కూడా లెక్కే: "స్త్రీ" ఒక్కటే ఆరు తింటుంది. డెబ్బై దాటిందా, మెసేజ్ ముక్కలవుతుంది, ముక్కకి 67 మాత్రమే. ఇంగ్లిష్ మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరం చొరబడినా ఇదే లెక్క. ప్యాక్ లేనివాళ్లకి ముక్కకింతని డబ్బు పడుతుంది. ఎలాగూ చెవికి పొట్టి వాక్యాలే హాయి.

అభ్యాసం: ఫోన్ సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో "సెలెక్ట్ టు స్పీక్" ఆన్ చేయండి, మీరు ఎంచుకున్నది చదివి వినిపిస్తుంది. ఇవాళ మీరు పంపిన మూడు మెసేజ్‌లు తెరిచి, కళ్లు మూసుకుని వినండి. గొంతు తడబడిన చోటల్లా మాట మార్చి రాసి, మళ్లీ వినండి. ఒకరికి వినిపించి ఏం అర్థమైందో చెప్పమనండి.

వచ్చే పాఠం కంప్యూటర్ మీద. కంప్యూటర్ తెరని చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితమే, దించి ఉంచుకోండి. అందులో ఈస్పీక్ గొంతు మరమనిషిలా ఉంటుంది. మనిషి గొంతు రికార్డు చేసి అతికించింది కాదది, సూత్రాలతో పుట్టించిన ధ్వని. మొదటిసారి వినగానే బెదిరి తీసేయకండి. ఆపాలనిపిస్తే కంట్రోల్ కీ నొక్కితే నోరు మూస్తుంది.