బోరు నీళ్లా, కొళాయి నీళ్లా: గీజర్ సున్నం సంగతి

తిరుపతిలో చాలా ఇళ్లకు రెండు రకాల నీళ్లు వస్తాయి. కళ్యాణి డ్యాం, తెలుగుగంగ నుంచి వచ్చే కొళాయి నీళ్లు ఒకటి, బోరు నీళ్లు ఇంకొకటి. రెండూ ఒకే సంపులో కలిస్తే ఏది ఎంత కఠినమో, అంటే దేనిలో సున్నం లాంటి లవణాలు ఎంత ఉన్నాయో తెలియదు. అందుకే విడివిడిగా పట్టి చూడండి.

సీసాలో సగం నీళ్లు పోసి, ఒంటి సబ్బు తురుము చిటికెడు వేసి గట్టిగా కుదపండి. నురగ రాకుండా పైన తెల్లటి తెట్టు కడితే నీళ్లు కఠినం. షాంపూతోనో డిటర్జెంటుతోనో చేస్తే మోసపోతారు, అవి ఎలాంటి నీళ్లలోనైనా నురగనిస్తాయి. టీడీఎస్ మీటరూ కాఠిన్యం చెప్పదు, కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది. తాగునీటి ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 600 వరకు.

కందిపప్పు ఎంతకీ మెత్తబడకపోతే కుక్కర్‌ని తిట్టకండి, బోరు నీళ్ల కాఠిన్యం వల్ల కావచ్చు, కొళాయి నీళ్లతో ఒకసారి ఉడికించి చూడండి.

కెటిల్ అడుగున సున్నం పేరుకుంటే లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి అరగంట ఉంచి, రెండుసార్లు కడగండి. షవర్ తలకూ ఇదే మందు. పాలరాతి మీద మాత్రం చుక్క పడనివ్వద్దు, మచ్చ పోదు. బ్లీచింగ్ పౌడర్‌తో అసలు కలపొద్దు, విషవాయువు వస్తుంది.

గీజర్‌ని 50-55 డిగ్రీల దగ్గరే ఉంచండి. వేడి పెరిగేకొద్దీ సున్నం కాయిల్‌కి పట్టేస్తుంది. నీళ్లు వేడెక్కేటప్పుడు టపటపమని చప్పుడొస్తే ఆ పొర మందమైందన్నమాట. మెకానిక్ విప్పినప్పుడు కాయిల్‌తో పాటు యానోడ్ కడ్డీ (ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడేది) కూడా చూడమనండి.