లూర్ తీగ విచ్చుకుపోతోందా, విరుగుతోందా?

ఇంట్లో లూర్లు (చేపలకు వేసే నకిలీ ఎరలు) చేసుకునేవాళ్లు తీగ కొనేటప్పుడు మందం ఒక్కటే చూస్తారు. నేనైతే ముందు గట్టిదనం చూడమంటాను. స్టెయిన్‌లెస్ తీగలో మెత్తనిదీ ఉంది, స్ప్రింగ్ తీగ అనే గట్టిదీ ఉంది. కంటికి రెండూ ఒకటే. కొసను కాస్త వంచి వదలండి. గట్టిదైతే టక్కున వెనక్కి లేస్తుంది, మెత్తనిదైతే వంగినట్టే ఉండిపోతుంది.

చేప లాగగానే రింగు విచ్చుకుంటోంది

మెత్తని తీగను ఒక్క మడత పెట్టి వదిలేస్తే ఇంతే. దారమో కొక్కెమో తగిలించే రింగు చేశాక కొసను తీగ కాడ చుట్టూ మూడు చుట్లు బిగించండి, లేదా స్ప్రింగ్ తీగకు మారండి. సముద్రపు పెద్ద చేపల కోసం చేసే చెక్క లూర్‌లో ముక్కు నుంచి తోక దాకా ఒకే తీగ దూర్చడం మేలు. అప్పుడు చెక్క పగిలినా చేప చేజారదు. దానికి 1.3 నుంచి 1.6 మి.మీ. తీగ సరిపోతుంది.

వంపు దగ్గర విరుగుతోంది

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. వంచిన ప్రతిసారీ అక్కడి లోహం ఇంకా గట్టిపడి పెళుసవుతుంది. కోణం కుదరలేదని వెనక్కి వంచి మళ్లీ వంచారంటే, ఆ లూర్ చేపకు తగిలిన రోజే విరుగుతుంది. వంపు తప్పితే ఆ ముక్క పక్కన పడేయండి, మనసొప్పకపోయినా సరే. ప్లయర్ కూడా చూసుకోండి: పళ్లున్నదైతే తీగ మీద గాట్లు పడతాయి, పగులు గాటు దగ్గరే మొదలవుతుంది. నున్నటి, గుండ్రటి ముక్కున్న ప్లయర్‌తో, మూల తేలకుండా వంచాలి. సులువుగా వంగుతుందని స్ప్రింగ్ తీగను మంట మీద ఎర్రగా కాల్చొద్దు. ఆ బిగువు పోతే, మళ్లీ కాల్చి నీళ్లలో ముంచినా తిరిగి రాదు.

స్పిన్నర్‌బెయిట్‌లో అదురు రావడం లేదు

స్పిన్నర్‌బెయిట్ అంటే V ఆకారంలో వంచిన తీగకు ఒక కొసన కొక్కెం, ఇంకో కొసన తిరిగే రేకు (బ్లేడ్) ఉండే లూర్. అదురు లేదంటే తీగ లావైంది. 0.9 నుంచి 1 మి.మీ.కి మారితే తేడా కాస్తే అనిపిస్తుంది గానీ, బిరుసు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. ఒక సైజు తగ్గించండి. తీగ మీదే బ్లేడ్ తిరిగే మామూలు స్పిన్నర్‌కైతే 0.6 నుంచి 0.8 మి.మీ. చాలు, కానీ తీగ తిన్నగా ఉండాలి. చుట్టగా అమ్మే తీగలో వంపు మిగిలి బ్లేడ్ పట్టేస్తుంది, నిలువు ముక్కలే కొనండి.

స్టెయిన్‌లెస్సే, అయినా తుప్పు పడుతోంది

ఉప్పునీటిలో 304 అనే రకం స్టెయిన్‌లెస్‌కు చుక్కలు చుక్కలుగా తుప్పు పట్టొచ్చు. 316 రకంలో మాలిబ్డినం అనే లోహం ఉంటుంది కాబట్టి బాగా తట్టుకుంటుంది. ఇనుప ప్లయర్ నుంచి అంటిన రేణువులు కూడా తుప్పు పడతాయి. అయస్కాంతానికి అంటుకుంది కదా అని తీగ నకిలీదనుకోకండి: సన్నగా సాగదీసి గట్టిపరిచిన 304 కొద్దిగా అంటుకుంటుంది.