పీత రక్తకణాల్లో రాగి మరీ ఎక్కువ వస్తోందా? సమస్య - పరిష్కారం

పీతలు, ఆల్చిప్పల రక్తకణాల్లో సూక్ష్మ లోహాలు కొలిచేటప్పుడు తప్పు చాలావరకు ఐసీపీ-ఎంఎస్ (లోహాలను ద్రవ్యరాశిని బట్టి గుర్తించి కొలిచే పరికరం) దగ్గర జరగదు. విశాఖ ఒడ్డున సూది గుచ్చినప్పటి నుంచి హైదరాబాద్‌లోని మన ల్యాబులో ట్యూబు మూత తీసేదాకా ఎక్కడో జరిగి ఉంటుంది.

సమస్య: రాగి ఊహించనంత ఎక్కువ

పీత రక్తంలో ఆక్సిజన్ మోసే హీమోసయనిన్‌లో రాగి ఉంటుంది. అది కణాల్లో ఉండదు, ద్రవంలో కరిగి ఉంటుంది. మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల రాగి ఉన్న ద్రవం 20 మైక్రోలీటర్లు కణాల ముద్దలో చిక్కుకుందనుకోండి. 1 మైక్రోగ్రాము వచ్చి చేరినట్టే. 5 మిల్లీలీటర్లకు పలచన చేశాక అదొక్కటే 200 పీపీబీ (వంద కోట్లకు 200 భాగాలు) చూపిస్తుంది. కణాల సొంత రాగి దాని కింద మునిగిపోతుంది.

సముద్రానికి దూరంగా ఉన్న మనకు ఎక్కువగా ఎదురయ్యేది ఇంకోటి. రక్తాన్ని ఒడ్డునే ఫ్రీజ్ చేసి రాత్రి రైల్లో తెస్తారు. గడ్డకట్టి కరిగేసరికి కణాలు పగులుతాయి. ఆ తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో ఎంత తిప్పినా ఏది కణంలోదో, ఏది ద్రవంలోదో తేలదు. అలాంటి నమూనాకు మొత్తం రక్తపు విలువే ఇవ్వండి. కణాల విలువ రాయొద్దు.

పరిష్కారం: కణాలను ఒడ్డునే వేరుచేయాలి. రక్తం గడ్డకట్టకుండా ముందు ఒక ద్రావణం కావాలి. లీటరుకు గ్లూకోజ్ 20.8, సోడియం సిట్రేట్ 8, ఈడీటీఏ (లోహాలను పట్టుకునే రసాయనం) 3.36, ఉప్పు 22.5 గ్రాములు కలిపి, పీహెచ్ 7.5కి తెచ్చి, చల్లబరిచి, సిరంజిలో ముందే సగం పీల్చుకోండి. కాలి కీలు దగ్గరి మెత్తని పొరను తుడిచి, అక్కడి నుంచి అంతే రక్తం తీయండి. 4 డిగ్రీల్లో 500 జీ దగ్గర (గురుత్వాకర్షణకు 500 రెట్ల బలం, ఆర్‌పీఎం కాదు) 10 నిమిషాలు తిప్పండి. లీటరుకు 32 గ్రాముల అతిశుద్ధ సోడియం క్లోరైడ్ ద్రావణంతో రెండుసార్లు మెల్లగా కడగండి. మిల్లీక్యూ (ఉప్పులేని అతిశుద్ధ) నీళ్లతో కడిగితే కణాలు ఉబ్బి పగులుతాయి. చివరి కడుగునీటిని 20 రెట్లు పలచన చేసి దానిలోనూ రాగి చూడండి. బ్లాంక్ (రక్తం లేకుండా అదే పద్ధతిలో నడిపిన ఖాళీ నమూనా) స్థాయికి దిగకపోతే మళ్లీ కడగాలి. కణాలను లెక్కపెట్టాకే ముద్దను ఫ్రీజ్ చేయండి.

ఈడీటీఏ కణాల పైపొరకు అంటుకున్న లోహాన్ని లాగేస్తుంది. ఆల్చిప్పల రక్తం పీత రక్తంలా గడ్డకట్టదు, కణాలు మాత్రం ముద్దకడతాయి. మంచు మీద చకచకా పని కానిస్తే ఈడీటీఏ లేకుండానే గడుస్తుంది.

సమస్య: ఇనుము, క్రోమియం, నికెల్ కలిసి పెరిగాయి

స్టీలు సూదిని అనుమానించండి. అదే సూదితో ఉప్పు ద్రావణం పీల్చి కొలిస్తే తేలిపోతుంది. ఇనుముతో పాటు అల్యూమినియం పెరిగితే అది దుమ్ము, ఎండాకాలంలో మరీనూ. జింకు ఒక్కటే ఎగిరితే గ్లవ్స్ మార్చి చూడండి. ట్యూబులు 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో ఒక రోజంతా నానాలి. ప్రతి బ్యాచ్‌లో కనీసం మూడు బ్లాంకులు సూది దశ నుంచే మొదలవ్వాలి.

సమస్య: ఆర్సెనిక్, వెనేడియం ఉప్పుతో పాటే పెరుగుతున్నాయి

పరికరంలోని ఆర్గాన్, ఉప్పులోని క్లోరిన్ కలిసిన జంట ద్రవ్యరాశి 75 దగ్గర ఆర్సెనిక్‌లా, క్లోరిన్-ఆక్సిజన్ జంట 51 దగ్గర వెనేడియంలా కనిపిస్తాయి. ఆర్గాన్-సోడియం 63 దగ్గర రాగిని పెంచుతుంది. హీలియం వాయువుతో ఇలాంటి జంటలను వడకట్టే హీలియం మోడ్‌కు మారండి. రాగిని 63, 65 రెండింటిలోనూ చదవండి. రెండు విలువలూ కలవకపోతే ఏదీ నమ్మొద్దు. నమూనాలో ఉప్పు 0.2 శాతం దాటనివ్వకండి.

అసిడియన్ల (రాళ్లకు అంటుకుని బతికే సంచిలాంటి సముద్ర జీవులు) విషయంలో మాత్రం తొందరపడి వెనేడియాన్ని కొట్టేయకండి. వాటిలో కొన్ని జాతుల రక్తకణాల్లో అది నిజంగానే పోగవుతుంది. జర్మన్ శాస్త్రవేత్త హెంజె దీన్ని 1911లోనే గుర్తించాడు.