తారు రోడ్డు జాయింట్ పగలకుండా: వానలకు ముందు పని పట్టేవాళ్లకు జాగ్రత్తలు

వానలు మొదలయ్యేలోపు రోడ్డు వేసెయ్యాలన్న హడావుడిలో ముందుగా దెబ్బతినేది రెండు లేన్లు కలిసే చోటే, అంటే జాయింటే. మొదటి లేన్ వేసినప్పుడు దాని అంచుకు పక్కన ఆసరా ఉండదు. రోలర్ ఎక్కగానే మిక్స్ (తారు, కంకర కలిపిన వేడి సరుకు) పక్కకు జారిపోతుంది, లేన్ మధ్యలో వచ్చినంత గట్టిదనం అంచులో రాదు. గాలి ఖాళీలు 8 శాతం దాటాయంటే నీళ్లకు దారి దొరికినట్టే.

అందుకే మొదటి లేన్ అంచును తొక్కించేటప్పుడు రోలర్ డ్రమ్ము అంచు దాటి ఓ 150 మి.మీ. బయటికి ఉండేలా నడపండి. టైర్ల రోలర్‌ని మాత్రం ఆ అంచు దగ్గరికి రానివ్వొద్దు. మిక్స్ పరిచే యంత్రం, అంటే పేవర్, దారం పట్టినట్టు తిన్నగా పోవాలి. అంచు వంకర పోతే రెండో లేన్‌ని దానికి సరిగ్గా ఆనించలేం. వీలైతే వదులుగా ఉన్న అంచును 50 నుంచి 150 మి.మీ. వరకు కోసి తీసేయండి. మిక్స్ వృథా అని కాంట్రాక్టర్ గొణుగుతాడు, గొణగనివ్వండి.

రెండో లేన్‌కి ముందు అంచు ముఖాన్ని దుమ్ము లేకుండా ఊడ్చి, టాక్ కోట్ (అతుక్కోడానికి పూసే పలచటి తారు పూత) పైనుంచి కిందిదాకా పట్టించాలి. కొత్త మిక్స్ పాత లేన్ మీదికి 25 మి.మీ. దాకా ఎక్కాలి. కోసిన అంచైతే అందులో సగం చాలు.

అసలు చిక్కు ఇక్కడే. చూడ్డానికి నీట్‌గా ఉండాలని రేక్ పట్టుకున్న మనిషి ఆ ఎక్కిన మిక్స్‌ని కొత్త లేన్ మీదికి లాగేస్తాడు. జాయింట్‌లో నిండాల్సిన సరుకు అదే! తొక్కించకముందే రెండు వైపులూ సమంగా ఉన్నాయంటే కొత్త వైపు సరుకు తక్కువ పడిందన్నమాట. బరువంతా చల్లారిన లేన్ మోస్తుంది, డ్రమ్ము కింద కొత్త మిక్స్ వదులుగానే మిగిలిపోతుంది. రోలింగ్ అయ్యాక కొత్త వైపు 2, 3 మి.మీ. ఎత్తుగా ఉంటేనే మంచిది.

మిక్స్ 80 డిగ్రీలకు పడిపోయాక ఎన్నిసార్లు తొక్కించినా లాభం లేదు. చినుకు పడితే పేవర్ ఆపేయండి. కింది పొర జాయింట్ మీదే పై పొర జాయింట్ రాకుండా కనీసం 150 మి.మీ. జరపాలి. చక్రాలు నడిచే దారిలో అసలు పడకూడదు.

చివరగా, గట్టిదనం పరీక్షకు రోడ్డును తొలిచి తీసే ముక్కలు, అంటే కోర్ శాంపిళ్లన్నీ లేన్ మధ్యలోనే తీస్తే అన్నీ పాసవుతాయి. కొన్నయినా జాయింట్ మీద తీయించండి.